లేని గట్టు మీద జీపు

శాసనసభలో ప్రశ్న పడిందన్న కబురు పైడిలంకకు చేరి వారం దాటింది. ఊరి పడవ కాలువకు అడ్డంగా తాడేపల్లిగూడెం చేపల వ్యాపారి నరసింహరాజు గట్టు పోసుకుని ఏడాది కావస్తోంది. ఊరివాళ్లు దరఖాస్తులు పెట్టారు. ఎవరూ పలకలేదు. గట్టు మీద పార వేశారు. ఆ పార వేసినందుకు కృపానందం, మరి కొందరు మగవాళ్లు పరాయి ఆస్తి పాడుచేశారన్న కేసులో ఇరుక్కుని ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నారు. ఇక ఎవరూ పట్టించుకోరనుకున్నాక ఎమ్మెల్యే గారు సభలో ప్రశ్న వేశారు.

ఏలూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా పనిచేస్తున్న స్నేహలతే ఆ కబురు ఊరికి చెప్పింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఫ్యాక్సులో సొంత ఊరి పేరు చూసి, వెంటనే నాన్న కృపానందానికి ఫోన్ చేసింది. ఆ ఆదివారం చర్చిలో కృపానందం ఎమ్మెల్యే గారి ఆయురారోగ్యాల కోసం ప్రార్థన చేయించాడు. పక్క పేటలో దుర్గమ్మ కొల్లేటికోట పెద్దింట్లమ్మకు కోడిని మొక్కుకుంది. కుర్రాళ్లు చందాలేసుకుని ఎమ్మెల్యే గారి బొమ్మతో ఫ్లెక్సీ కట్టారు. 'మా గొంతు సభలో వినిపించిన మా దేవుడు' అని దాని మీద రాయించారు.

ఇవాళ ఆ ప్రశ్న మీద విచారణ.

విచారణకు వచ్చే అధికారి చంద్రశేఖర్. స్నేహలత పనిచేసే సెక్షనుకు సూపరింటెండెంటు. జీపు ముందు సీటు మీద తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చున్నాడు. వెనకాల స్నేహలత ఒళ్లో ఆఫీసు కెమెరా సంచీ, రబ్బరు స్టాంపు పెట్టె, అట్టలో పెట్టిన రిపోర్టు ఉన్నాయి. రిపోర్టు నిన్ననే తయారైంది. టైపు చేసింది ఆమే.

"విచారణ రేపు గదండీ?" అని నిన్న అడిగింది.

"అందుకేనమ్మా ఇవాళ టైపు చెయ్యమంటున్నాను. రేపు తిరిగొచ్చేసరికి కరెంటు ఉంటుందో లేదో."

ప్రశ్నలో నాలుగు భాగాలున్నాయి. పైడిలంక పడవ కాలువకు అడ్డంగా గట్టు వేసిన మాట వాస్తవమేనా అన్నది మొదటిది. అయితే వేసినవారెవరు, ఎవరి అనుమతితో వేశారు, వారి మీద తీసుకున్న చర్యలేమిటి అన్నవి మిగతా మూడు. మొదటిదాని ఎదురుగా చంద్రశేఖర్ 'లేదండి' అని చెప్పి టైపు చేయించాడు. మిగతా మూడింటికీ కలిపి 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అన్నాడు.

"ఇది నేర్చుకోమ్మా, పనికొస్తుంది," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "మొదటిదానికి అవునన్నామనుకో, మిగతా మూడింటికీ జవాబులు వెతకాలి. లేదన్నామనుకో, మూడూ వాటంతటవే చస్తాయి. మొదటి ముక్క దగ్గరే గొంతు నులిమెయ్యాలి. మా గురువుగారు చెప్పిన సూత్రం. ఆయన డిప్యూటీ కలెక్టరుగా రిటైరయ్యారు."

నిరుడు కొల్లేటిలో చెరువుల గట్లన్నీ పొక్లెయిన్లతో కొట్టించేశామని ఇదే ఆఫీసు పైకి రాసుకుంది. కొట్టేసిన చోట కొత్త గట్టు లేచిందంటే అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో చంద్రశేఖర్‌కు తెలుసు. ఆ మెడ తనది కాకూడదు. ఆయన చదువుకున్న చదువంతా, చేసిన సర్వీసంతా ఆ ఒక్క సంగతి దగ్గరికి వచ్చి ఆగింది. లేదు అని కరుకుగా అనడు, లేదండి అంటాడు. అబద్ధానికి అండీ తగిలించాక అది అబద్ధంలా ఉండదని ఆయన నమ్మకం.

కైకలూరు రోడ్డు మీద వంతెన దాటగానే జీపు పక్కకు తిరిగి ఆగింది. ఎదురుగా ఇనప గొట్టాల గేటు. దాని అవతల నల్లమట్టి గట్టు కాలువ వెంబడే సాగిపోయి, ఊరికి కాస్త ఇవతల కాలువను అడ్డంగా దాటుతుంది. గేటు దగ్గర వి.ఆర్.ఓ. వీరాస్వామి గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాజుగారి కాపలావాళ్లు సెల్యూట్ కొట్టి గేటు తీశారు.

డ్రైవర్ ఎడ్విన్ గేరు వెయ్యకుండా అడిగాడు. "గట్టెక్కమంటారాండీ, ఇక్కడే ఆపమంటారాండీ?"

"ఏ గట్టయ్యా?"

"ఇదేనండీ, ఎదురుగా ఉన్నది."

"అది గట్టు కాదు. పాత కాలిబాట."

"ఆయ్. కాలిబాట మీద జీపు పడుతుందాండీ?"

"టిప్పర్లు పోతుంటే జీపెందుకు పట్టదయ్యా, పోనీ!"

ఎడ్విన్ అద్దంలోంచి ఒకసారి స్నేహలత వైపు చూసి గేరు వేశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. కాలువకు అడ్డంగా గట్టు లేదని రాయడానికి ఒక ప్రభుత్వ అధికారి ఆ గట్టు మీదే జీపెక్కి పోతున్నాడు. దారిలో గుంట వస్తే, "ఈ గట్టు సరిగ్గా వెయ్యలేదయ్యా," అని విసుక్కున్నాడు కూడా.

సరిగ్గా కాలువను దాటే చోట జీపు ఆగింది. రాజుగారి షెడ్డులోంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. చంద్రశేఖర్ దాని మీదికి తువ్వాలు మార్చుకుని కూర్చున్నాడు. ఆయనకు ఎడమవైపు, ఊరి పక్కన, వానల నీరు గుర్రపుడెక్కతో నిండి గట్టు అంచును తాకుతోంది. కుడివైపు అదే కాలువ నడుము లోతున కిందికి పోయి ఉంది. చంటిపిల్లవాడు చూసినా రెండు నీళ్ల మధ్య ఏదో ఉందని చెప్పగలడు. చంద్రశేఖర్ చంటిపిల్లవాడు కాడు.

ఊరివైపు కొసన జనం గుమిగూడారు. వాళ్ల తలల మీదుగా ఫ్లెక్సీలో ఎమ్మెల్యే గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. కృపానందం బంతిపూల దండ పట్టుకుని ముందుకొచ్చాడు. కూతుర్ని చూసి కళ్లతో పలకరించాడు గానీ, ఆఫీసు మర్యాద గుర్తొచ్చి పేరు పెట్టి పిలవలేదు. దండ చంద్రశేఖర్ మెడలో పడింది. ఆయన దాన్ని తియ్యకుండా విచారణ మొదలుపెట్టాడు.

"ఎవరైనా ఒకళ్లు మాట్లాడండి. అందరూ కలిసి అరవద్దు."

దుర్గమ్మ వచ్చింది. చంకలో మనవరాలు. ఎండకూ నీళ్లకూ నానిన మనిషి, గొంతు పెద్దది.

"కాలువ మూసేశారని మీ బాధ. అంతేగా?"

"బాధేంటండీ బాబూ, తమరు కూర్చున్నది దాని మీదేనండీ."

జనం నవ్వారు. చంద్రశేఖర్ కుర్చీలో కొంచెం సర్దుకున్నాడు.

"అడిగిందానికి చెప్పు. ఊళ్లోంచి బయటికి రావడానికి దారి ఉందా, లేదా?"

"మనిషికి ఉందండీ. గంపకి లేదండీ."

"అదేం మాట?"

"ఒట్టి చేతులతో వస్తే రాజుగారి మనుషులు గేటు తీస్తారండీ. చేపల గంపతో వస్తే తియ్యరండీ. షెడ్డులో పోసి పొమ్మంటారు. వాళ్లు చెప్పిందే రేటండీ. దోనె నడిచినన్నాళ్లూ వంతెన దాకా తోసుకుపోయి, ఆటో ఎక్కి, ఏలూరు మార్కెట్లో పీట వేసుకుని కూర్చునేదాన్ని. నా కొర్రమీనుకి నేనే ధర చెప్పేదాన్నండీ. ఇప్పుడు నేను పట్టిన చేపకి ఇంకోడు ధర చెబుతున్నాడు. కాలువ తెరిస్తే చాలండీ, మాకింకేం వద్దు."

చంద్రశేఖర్ శ్రద్ధగా తల ఊపాడు. "అంటే దారి ఉంది." వీరాస్వామి వైపు తిరిగాడు. "రాకపోకలకు అంతరాయం లేదని గ్రామస్థులే చెప్పారు. విన్నావుగా?"

"ఆయ్, విన్నానండీ," అన్నాడు వీరాస్వామి గొడుగు కింద నుంచి. గొడుగు అతని మీద లేదు, చంద్రశేఖర్ మీద ఉంది.

దుర్గమ్మ చంకలోని పిల్లను రెండు చేతులతో పైకెత్తింది. "దీన్ని చూడండి బాబుగారూ. మా కోడలికి నొప్పులొస్తే మంచం మీద మోసుకొచ్చాం. గేటు తాళం ఉన్నోడు టీ తాగడానికెళ్లాడు. వెనక్కి మోసుకొస్తుంటే, ఇదిగో, మీ కుర్చీ ఉంది చూడండి, అక్కడ పుట్టిందండీ ఇది. గట్టు లేదంటే మరి ఇది ఎక్కడ పుట్టినట్టండీ? గాల్లోనా?"

"పుట్టిన ఊరు పైడిలంకని రాయించారా లేదా?"

"రాయించామండీ."

"మరింకేం. ఊళ్లోనే పుట్టింది."

స్నేహలత ఆయన ముఖం చూసింది. అందులో కోపం లేదు, సిగ్గు లేదు, కనీసం జనాన్ని మోసం చేస్తున్నానన్న సరదా కూడా లేదు. అబద్ధం చెప్పేవాడు ఒక క్షణమైనా నిజం వైపు చూసి, తర్వాత ముఖం తిప్పుకుంటాడు. ఈయన ఎప్పుడూ అటు చూడనే లేదు. పుట్టిన పిల్లను ఎదురుగా పెట్టినా, ఆయనకు కనిపించింది ఆ పిల్ల పుట్టుక నమోదైన గడి మాత్రమే.

కృపానందం చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యగారూ, ఎమ్మెల్యే గారు మా గురించి అడిగారు గదండీ. ఆయనకేమని చెబుతారండీ?"

"ఆయనకు మంత్రిగారు చెబుతారు."

"మంత్రిగారికెవరు చెబుతారండీ?"

"మేం చెబుతాం."

"మీకండీ?"

చంద్రశేఖర్ చిరాకుగా, "ఇప్పుడు మీరు చెబుతున్నారు గదయ్యా," అన్నాడు. అని, చేయి చాపాడు. స్నేహలత అట్టలోంచి రిపోర్టు తీసి ఇచ్చింది. ఆయన ఒళ్లో పెట్టుకుని సంతకం చేశాడు. ఆమె స్టాంపు పెట్టె తెరిచి పట్టుకుంది. ఆయనే ముద్ర వేసి, ఇంకు ఆరడానికి ఉఫ్ అని ఊదాడు.

"ఏం రాశారో మేం కూడా వింటాం గదండీ," అంది దుర్గమ్మ. "స్నేహమ్మా, చదువమ్మా."

"చదువు, చదువు. దాచేదేముంది?" అన్నాడు చంద్రశేఖర్.

దాచవలసింది ఉందని ఆయనకు నిజంగానే తోచలేదు. స్నేహలత కాగితం పట్టుకుంది. స్కూల్లో ప్రార్థన గీతానికి కూడా పెదవులు కదిపిందే తప్ప గొంతెత్తని పిల్ల. ఇప్పుడు తను పుట్టిన ఊరి ముందు, నాన్న ముందు నిలబడి చదివింది.

"పైడిలంక పడవ కాలువకు అడ్డంగా ఎటువంటి గట్టూ లేదండి. కాలువలో పడవల రాకపోకలు యథావిధిగా సాగుతున్నాయి. మిగతా ప్రశ్నలు ఉత్పన్నం కావు."

కృపానందం తల వంచుకున్నాడు. దండ తెచ్చింది అతనే.

"ఇంకోసారి చదువు తల్లీ," అంది దుర్గమ్మ.

చదివింది.

"దీని మీద సర్కారు ముద్ర పడిందాండీ?"

"సంతకమూ పెట్టాను, ముద్రా వేశాను. నీ ఎదురుగానే గదా."

"అంటే ఇక్కడ గట్టు లేదు."

"లేదు."

"రాజుగారిది ఇక్కడేమీ లేదు."

"లేదన్నాను గదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"చాలండీ, అర్థమైంది." దుర్గమ్మ పిల్లను కృపానందం చేతికిచ్చింది. "అన్నయ్యగారూ, కాస్త పట్టుకోండి." వెనక్కి తిరిగి గొంతెత్తింది. "ఒసే రాజ్యం! పారలు పట్రండే! గునపం కూడా!"

ఆడవాళ్లు పరిగెత్తారు. చంద్రశేఖర్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏంటిది? ఏం చేస్తున్నారు?"

"ఏం లేదండీ. మీరు లేదన్న చోట ఓ పార వేసి చూస్తాం. లేనిదాన్ని తవ్వితే తప్పేముందండీ?"

ఆపమనడానికి నోరు తెరిచాడు. ఏది తవ్వడం ఆపమనాలో తోచక ఆ నోరు అలాగే ఉండిపోయింది. పరాయి ఆస్తి అనడానికి లేదు, ఇక్కడ ఎవరి ఆస్తీ లేదని ఇప్పుడే ముద్ర వేశాడు. వీరాస్వామి ఆయన ముఖం వైపు, పారల వైపు మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని గొడుగు మడిచాడు.

జీపుకు ఊరివైపు నాలుగు బారల దూరంలో మొదటి పార పడింది. ఏడాది క్రితం పోసిన మట్టి ఇంకా గట్టిపడలేదు. రాజ్యం తవ్వుతుంటే వెనకాల ఆడవాళ్లు తట్టలు అందుకున్నారు. కేసుల భయంతో వెనక నిలబడ్డ మగవాళ్లు కాసేపు చూశారు. "ఏరా, మీకు దండలెయ్యాలా?" అని దుర్గమ్మ అరిచాక లుంగీలు ఎగగట్టి దిగారు. కొల్లేటి మనుషులకు నీళ్ల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మోకాటి లోతు గండి పడితే చాలు, మిగతా పని నీరే చేసుకుంటుంది.

ఎడ్విన్ బానెట్ మీద మోచెయ్యి ఆనించి చూస్తున్నాడు. "సార్, జీపు కొంచెం వెనక్కి తియ్యమంటారాండీ? లేని గట్టు కూలేలా ఉందండీ."

"నోరు ముయ్యవయ్యా," అన్నాడు చంద్రశేఖర్. కానీ కుర్చీ తనే ఎత్తుకుని జీపు వెనక్కి నడిచాడు. మెడలో దండ ఇంకా ఉంది.

ముందు ఒక సన్నటి పాయ, తర్వాత మట్టి పెళ్లలు, తర్వాత గుర్రపుడెక్క గుత్తులు గుత్తులుగా గండిలోంచి అవతలికి దూకాయి. ఊరు ఊరంతా ఒక్కసారి అరిచింది. నీరు గండి అంచుల్ని కొరుక్కుంటూ వెడల్పు చేసుకుంటోంది. అప్పుడే గేటు వైపు నుంచి తెల్లకారు వచ్చి జీపు వెనక ఆగింది.

నరసింహరాజు దిగాడు. ఉతికిన చొక్కా, చేతిలో సెల్ ఫోను. గండి వైపు తాపీగా చూశాడు. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తాడు అనుకుంది స్నేహలత. రాజు నవ్వాడు.

"పోలీసులకు ఫోన్ చెయ్యమంటారాండీ?" అన్నాడు చంద్రశేఖర్.

"ఎందుకండీ పాపం. తవ్వుకోనివ్వండి. కెమెరా తెచ్చారా?"

"తెచ్చామండీ. రిపోర్టుకు ఫొటో జత చెయ్యాలి గదా. ఏం తీయించాలో తెలియక సంచీలోనే ఉంచాను."

"ఇప్పుడు తీయించండి. కాలువలో నీళ్లు పోతున్నాయి, కాసేపటికి దోనె కూడా పోతుంది. మీ జవాబుకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలండీ?"

స్నేహలత వాళ్ల పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో ఉంది. వాళ్లు గొంతు తగ్గించలేదు. ఆపరేటర్ అంటే కంప్యూటర్‌తో పాటు ఆఫీసుకు వచ్చిన కుర్చీ లాంటిది. కుర్చీ ముందు ఎవరూ జాగ్రత్తగా మాట్లాడరు.

"మరి మీకు నష్టం గదండీ?"

"సభ అయ్యేదాకా ఇలాగే ఉండనిస్తాను. మంత్రిగారు లేచి లేదండీ అన్న మర్నాడు టిప్పర్లొస్తాయి. ఈసారి రాయి పోయిస్తాను, పారకు తెగదు. ఆ తర్వాత వీళ్లు ఏ కోర్టుకెళ్లినా సభలో ఇచ్చిన జవాబు తీసి ముందు పెడతాను. లేదని శాసనసభే అన్నాక ఉందనేవాడెవడండీ?"

చంద్రశేఖర్ కాస్త తేరుకున్నాడు. "ఏమైనా ఎమ్మెల్యే గారు ఈ ప్రశ్న వెయ్యకపోతే మీకూ మాకూ ఈ తలనొప్పి ఉండేది కాదండీ."

"ఆయన వేశాడనుకుంటున్నారా?" రాజు ఇంకా నవ్వాడు. "పైడిలంక ఎటుందో చెప్పమనండి ఆయన్ని. ప్రశ్న నేను వేయించానండీ. మా గుమాస్తా రాశాడు. ఆయన గూడెంలో మా ఇంటికి భోజనానికొచ్చి, చెయ్యి కడుక్కుని సంతకం పెట్టి వెళ్లాడు. చదవను కూడా లేదు. చేపలు బావున్నాయన్నాడంతే."

"మీ గట్టు మీద మీరే ప్రశ్న వేయించుకున్నారా!"

"మరి? లేదని చెప్పించాలంటే ముందు ఎవరో ఒకడు అడగాలి గదండీ."

చంద్రశేఖర్ ముఖంలో ఆ ఉదయం నుంచి మొదటిసారి ఒక నిజమైన భావం కనిపించింది. అది గౌరవం. "ఎంత ముందుచూపండీ మీది!" అన్నాడు. జీతమంతా దేన్ని కాపాడడానికి తీసుకున్నాడో దాన్ని మింగేసినవాడి ఎదుట చేతులు జోడించడానికి కూడా ఆయనకు మెడలోని దండ అడ్డం రాలేదు.

స్నేహలత గండి అవతలికి చూసింది. నాన్న దుర్గమ్మ మనవరాలిని భుజాన వేసుకుని, తడిసిన కళ్లతో నీళ్లను చూస్తున్నాడు. ప్రభువు తన ప్రార్థన విన్నాడనుకుంటున్నాడు. అతని వెనక ఫ్లెక్సీ గాలికి ఉబ్బి, ఎమ్మెల్యే గారి బుగ్గలు ఇంకా పెద్దవయ్యాయి. చందా ఎవరెవరు వేశారో ఆమెకు తెలుసు. రాజ్యం కూలి డబ్బుల్లోంచి ఇచ్చింది.

"అమ్మాయ్, ఫొటో తియ్యి," చంద్రశేఖర్ పిలిచాడు. "కాలువ బాగా పడాలి. గట్టు ముక్కలు అటూ ఇటూ పడకుండా చూసుకో."

ఆమె కెమెరా తీసి గండి అంచు దాకా నడిచింది. కాలి కింద మట్టి కదులుతోంది. ఊరివైపు నుంచి మొదటి దోనె బయలుదేరింది. ముందు కొర్రమీనుల గంప, వెనక గెడ పట్టుకుని దుర్గమ్మ. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఏడాది తర్వాత ఏలూరు మార్కెట్‌కు పోతున్న మనిషి ముఖంతో నిలబడింది. ఒడ్డున కుర్రాళ్లు ఈలలు వేశారు.

ఈ దోనె ఫొటోలో పడుతుంది. ఈ ఆనందం పడుతుంది. రాకపోకలు యథావిధిగా సాగుతున్నాయని చెప్పడానికి దుర్గమ్మనే సాక్షిగా నిలబెడతారు. వాళ్లు తవ్విన గండిలోంచే ఆ అబద్ధం నిజమై హైదరాబాదు చేరుతుంది.

స్నేహలత కెమెరా కాలువ వైపు ఎత్తింది. ఎత్తి, నిదానంగా వెనక్కి తిరిగింది. తెగిన మట్టి గోడ, దాని మీద టైర్ల జాడలు, ప్రభుత్వ వాహనం అని రాసి ఉన్న జీపు, దాని పక్కన మెడలో దండతో చంద్రశేఖర్, ఆయన భుజం మీద చెయ్యి వేసిన నరసింహరాజు, వెనక గేటు దాకా పాములా సాగిన గట్టు. నొక్కింది. మళ్లీ నొక్కింది.

రాజు నవ్వు ఆగింది. "ఏం తీస్తున్నావమ్మా?"

"గట్టండీ," అంది స్నేహలత.

రాజు మెత్తగానే అన్నాడు. "ఆ డబ్బా ఇలా ఇచ్చెయ్యమ్మా. చిన్నపిల్లవి. నీ ఉద్యోగం పోగొట్టుకోకు." మాట మెత్తగా ఉంది గానీ అడుగులు వేగంగా పడుతున్నాయి. చంద్రశేఖర్ కూడా వెనకాలే వస్తున్నాడు. ఎడ్విన్ జీపెక్కబోయినట్టు తలుపు తెరిచాడు. తలుపు సరిగ్గా చంద్రశేఖర్‌కు అడ్డం పడింది.

"అత్తా! ఆపు!"

ఆ కేక తనదేనని స్నేహలతకు అది బయటికొచ్చాకే తెలిసింది. గండిలోంచి దూకిన దోనె అప్పుడే గట్టు అంచును రాసుకుంటూ పోతోంది. దుర్గమ్మ గెడ బలంగా దిగేసింది. స్నేహలత కెమెరాను గుండెకు అదుముకుని దూకింది. దోనె ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు లోపలికి చిమ్మాయి.

"మునిగిపోయేవే పిచ్చిదానా! ఏమొచ్చిందే నీకు?"

"అత్తా, ప్రశ్న వేయించింది రాజుగారే," అంది రొప్పుతూ. "ఎమ్మెల్యే గారు కాదు. లేదని చెప్పించుకోవడానికే అడిగించాడు. సభ అవగానే మళ్లీ పోయిస్తాడట, ఈసారి రాయితో. నువ్వు పోయే దోనెనే ఫొటో తియ్యమన్నారు."

దుర్గమ్మ వెనక్కి తిరిగి ఫ్లెక్సీలో నవ్వుతున్న బొమ్మ వైపు చూసింది.

"వీడి కోసమా నేను అమ్మవారికి కోడిని మొక్కింది," అంది. తర్వాత నీళ్లలో ఉమ్మేసి, గెడ పైకి లాగింది.

ప్రవాహం దోనెను లాక్కుపోతోంది. గట్టు మీద కారు స్టార్టయింది. అక్కడ తిప్పుకోవడానికి చోటు లేదు. వెనక్కి, వెనక్కే, గేటు వైపు పోవాలి. రాజు కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవర్‌ను తిడుతున్నాడు. చెవి దగ్గర ఫోను ఉంది. గట్టు కాలువ వెంబడే పోతుంది కాబట్టి కారూ దోనే పక్కపక్కనే సాగుతున్నాయి, కారు వీపు ముందుకు పెట్టుకుని, దోనె ముక్కు ముందుకు పెట్టుకుని.

కెమెరా సర్కారుది. అది ఇప్పుడు స్నేహలత ఒళ్లో ఉంది. ఈ ఒక్క సంగతి మీద రిపోర్టు రాయడానికి చంద్రశేఖర్‌కు ఏ విచారణా అక్కర్లేదు. ఇందులో మొదటి ముక్కకు ఆయన అవునండి అనే రాస్తాడు.

ముందు మలుపులో కాలువ రెండుగా చీలింది. కుడిపక్కన కిక్కిస గడ్డి దుబ్బులు మనిషెత్తున లేచి ఉన్నాయి. ఎడమపక్కన దూరంగా వంతెన, దాని పక్కన గేటు, గేటు దగ్గరి నుంచి కాలువ ఒడ్డుకు దిగుతున్న ఇద్దరు కాపలావాళ్లు కనిపిస్తున్నారు.

"చెప్పు, ఎటు తిప్పమంటావు?" దుర్గమ్మ గెడ ఎత్తి పట్టుకుంది. "కిక్కిసలో దూరామంటే వీళ్ల తాతలొచ్చినా మనల్ని పట్టుకోలేరు. కాకపోతే ఎక్కడికీ చేరం."

స్నేహలత పైట కొంగులో కెమెరాను చుట్టి నడుముకు ముడేసుకుంది.

"వంతెనకే పోనియ్యత్తా," అంది.